ఫ్రెండ్‌షిప్ ఊళ్లో చెకుముకి తుపాకులు

సిన్సినాటి
సెప్టెంబరు నెలాఖరు

ఒరే తమ్ముడూ,

నయాగరా చూశావా, స్వేచ్ఛా ప్రతిమ ఎక్కావా అని మరదలు ఫోన్ చేసినప్పుడల్లా అడుగుతోంది. చూశాను. వాటి ఫొటోలు మీ అందరి ఫోన్లలోనూ ఉన్నాయి కాబట్టి ఈ ఉత్తరం వాటి గురించి కాదు. ఇక్కడికి పడమరగా, ఇండియానా రాష్ట్రంలో, ఫ్రెండ్‌షిప్ అనే పిసరంత ఊరుంది. ఏడాదికి రెండుసార్లు, జూన్‌లోనూ సెప్టెంబర్‌లోనూ, దేశం నలుమూలల నుంచీ జనం అక్కడికి పాతకాలపు తుపాకులు భుజాన వేసుకుని వస్తారు. పాతకాలపు తుపాకులంటే తూటా వెనకనుంచి పెట్టేవి కావు. మూతిలోంచి మందు పోసి, సీసపు గుండు వేసి, కర్రతో దట్టించి పేల్చేవి. మావాడి పక్కింటాయనకి ఇది ఏటేటా మొక్కుబడి లాంటిది. "మీరు సైన్సు పంతులమ్మగారట కదా, వచ్చి చూడండి" అని ఆయనే కారు ఎక్కించుకున్నాడు. కోడలికి తుపాకి అన్న మాటే గిట్టదు. నన్నొక్కదాన్నే పంపడం ఇష్టం లేక తనూ ముభావంగా వెనక సీట్లో కూర్చుంది.

ఊరు దాటితే మొక్కజొన్న, సోయా చేలు. అవి దాటితే చిన్న చిన్న గుట్టలు, వాటి మధ్య లాఫ్రీ క్రీక్ అనే వాగు. ఆ వాగు ఒడ్డునే ఫ్రెండ్‌షిప్. మన వైపు ఏ శివారు పల్లెలోనైనా ఇంతకన్నా ఎక్కువ ఇళ్లుంటాయి. కానీ ఆ వారం మాత్రం కోటప్పకొండ తిరునాళ్లే అనుకో. రోడ్డుకి ఒక పక్క పాత సామాన్ల సంత. ఇంకో పక్క వందల ఎకరాల మైదానం. దానికి వాల్టర్ క్లైన్ రేంజ్ అని పేరు. ఆ క్లైన్ ఈ తుపాకుల మీద 1942లో పెద్ద పుస్తకం రాసిన మనిషి. 1931లో ఒహాయో రాష్ట్రంలోని పోర్ట్స్‌మత్ అనే ఊళ్లో, ఇంటి అటకల మీద తుప్పు పడుతున్న తాతల నాటి తుపాకుల్ని దింపి సరదాగా పోటీ పెట్టుకున్నారట. ఆ సరదా రెండేళ్లలో ముదిరి, 1933కల్లా జాతీయ సంఘమే ఏర్పడింది. ఈ మైదానం వాళ్లదే.

మైదానంలో ఒక మూల చూస్తే కాలం వెనక్కి తిరిగినట్టే. తెల్ల కాన్వాసు గుడారాలు, శంఖువు ఆకారంలో రెడ్ ఇండియన్ల టీపీలు, ఇనప కుండల్లో ఉడుకుతున్న చిక్కుడు గింజలు, జింకతోలు చొక్కాల మగాళ్లు, పాదాల దాకా గౌన్లు వేసుకున్న ఆడవాళ్లు. 1840కి ముందు లేని వస్తువేదీ ఆ గుడారాల్లో పైకి కనబడకూడదని కట్టడి. నీళ్ల సీసా ఉన్నా దానికి గుడ్డ చుట్టాలి! పదేళ్ల పిల్లలు చేతి గొడ్డళ్లు విసిరి చెక్కలో గుచ్చుతున్నారు. నేను నేత చీర కట్టుకుని వెళ్లానేమో, ఆ గుంపులో నన్నెవరూ వింతగా చూడలేదు. పైగా ఒకావిడ వచ్చి "ఇది ఏ కాలపు వేషం?" అని అడిగింది. ఈ కాలపుదేనన్నాను.

తుపాకుల దగ్గరికి వచ్చేముందు ఒక మాట. మనకి మూతి తుపాకి అంటే పేపర్లో వచ్చే నాటు తుపాకి. ఏజెన్సీలో పోలీసులు పట్టుకున్నారనో, లైసెన్సు లేదనో వార్త. అడవి జంతువుల రక్షణకి వచ్చిన 1972 చట్టం కింద వేట మన దగ్గర చాలావరకు నేరం. ఇక్కడ లెక్క వేరు. 1968 నాటి వాళ్ల కేంద్ర చట్టం ప్రకారం ఇలా మూతిలోంచి కూరే పాతరకం తుపాకి చాలావరకు తుపాకి కిందికే రాదు! రాష్ట్రాల నియమాలు రాష్ట్రాలవి. జింకల వేటకి మామూలు తుపాకుల రుతువు కాక, ఈ మూతి తుపాకులకని చాలా రాష్ట్రాలు విడిగా కొన్నాళ్లు కేటాయిస్తాయి. పెన్సిల్వేనియాలో ఇంకా పట్టుదల ఎక్కువ. క్రిస్మస్ తరువాత వచ్చే మూతి తుపాకుల వేటలో చెకుముకి రాయితో పేలేది తప్ప మరొకటి పనికిరాదు. ఆ చెకుముకి వేట మొదలైంది 1974లో. మంచులో, గజగజ వణికే చలిలో, ఒక్క గుండు వేసుకుని చెట్టుకింద కూర్చోవడం. పేల్చాక మళ్లీ కూరుకోవాలంటే నిమిషం పడుతుంది. అంతసేపు జింక ఆగుతుందా? అందుకని వీళ్ల ప్రాణమంతా గురి మీదే. ఈ ఉత్తరం కూడా ఆ గురి గురించే.

తుపాకి చూస్తే ముచ్చటేస్తుంది రా. నా భుజం దాటి ఉంది పొడుగు. పద్దెనిమిదో శతాబ్దంలో జర్మనీ, స్విట్జర్లాండ్ నుంచి వచ్చి పెన్సిల్వేనియాలో, ముఖ్యంగా లాంకాస్టర్ చుట్టుపక్కల, స్థిరపడ్డ కమ్మరులు తమ దేశపు పొట్టి వేట తుపాకిని సాగదీసి, బెజ్జం సన్నం చేసి కనిపెట్టిన రూపమిది. గొట్టమే నలభై అంగుళాల పైన. అలలు తేలినట్టు చారలుండే మేపుల్ కర్ర, దానికొక ఇత్తడి మూత, ఆ మూత కింద చిన్న అర. ఆ అరలో ఏముంటుందో చెప్పుకో చూద్దాం. గుడ్డ ముక్కలు!

అవును, గుడ్డ ముక్కలే. బట్టల కొట్టువాడివి, ఇక్కణ్ణుంచి శ్రద్ధగా చదువు.

పక్కింటాయన తుపాకి బెజ్జం అర అంగుళం. అందులో వేసే సీసపు గుండు దానికన్నా అంగుళంలో నూరో వంతు సన్నం. అంటే గుండు వదులుగా జారిపోతుంది. ఆ సందుని నింపేది గుడ్డ. రూపాయి బిళ్ల కన్నా పెద్దదిగా గుండ్రంగా కత్తిరించిన నూలుగుడ్డని మూతి మీద పరిచి, దాని మీద గుండు పెట్టి, చెక్క పిడితో ఒక్క పోటు పొడిచి లోపలికి దించి, ఆపైన పొడుగు కర్రతో మందు దాకా దట్టిస్తారు. గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. గుడ్డ ఆ గాడుల్లోకి కుక్కుకుని గుండుని పట్టుకుంటుంది. పేలినప్పుడు సీసం ఇనుముని తాకనే తాకదు. తిరిగేది గుడ్డ, తిప్పేది గుడ్డ, మందు పొగ పక్కనుంచి తప్పించుకోకుండా అడ్డం పడేదీ గుడ్డే. మూతి దాటగానే అది విడిపోయి, పది పదిహేను అడుగుల దూరంలో గడ్డిలో రాలిపోతుంది. గుండు ఒక్కటే గిరగిరా తిరుగుతూ ముందుకి పోతుంది.

ఆ గుడ్డ పొడిగా ఉండకూడదు. కొందరు తేనెమైనం, కొవ్వు కలిపిన ముద్ద రాస్తారు. పోటీకొచ్చిన వాళ్లలో చాలామంది మాత్రం గుడ్డని నోట్లో వేసుకుని నమిలి, ఎంగిలితో తడిపి కూరేస్తున్నారు! కోడలి మొహం చూడాలి. శుభ్రంగా ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకున్న పెద్దమనిషి, చూడబోతే ఏ బ్యాంకు మేనేజరో అన్నట్టున్నాడు, బుగ్గలో రెండు మూడు ముక్కలు నానబెట్టుకుని తమలపాకు నమిలినట్టు నములుతూ మాతో మాట్లాడాడు. ఎండలో వేసవి పోటీకి ఉమ్మిని మించింది లేదట. వేటకి మాత్రం పనికిరాదు. గంటల తరబడి కూరి ఉంచితే ఉమ్మి ఆరిపోతుంది, లేదా మందుని తడుపుతుంది. వేటగాడికి మైనమో నూనో కావాలి.

బొంగరం తిరిగినంతసేపూ నిలబడుతుంది కదా, గుండు సంగతీ అంతే. ఆ గాడి మెలిక నలభై ఎనిమిది అంగుళాలకి ఒక చుట్టు. గుండు సెకనుకి 1600 అడుగులు పోతుందనుకో, నాలుగు అడుగులకొక చుట్టు కాబట్టి సెకనుకి 400 చుట్లు. అక్కడే అట్టముక్క మీద లెక్క కట్టి చూపిస్తే పక్కింటాయన మురిసిపోయి నలుగురికి చూపించాడు. గుండ్రటి గుండుకి ఇంతకన్నా బిగువు మెలిక అక్కర్లేదు. కొన్ని గొట్టాల్లో 66 అంగుళాలకి గాని ఒక చుట్టు తిరగదు. ఈ మధ్య వచ్చే కొత్త రకాల్లో పొడుగాటి గుళ్లు వాడతారు, వాటికి 28 అంగుళాలకే చుట్టు కావాలి. ఆ గొట్టంలో ఈ గుండు, ఈ గొట్టంలో ఆ గుండు వేసి "నా తుపాకి బాలేదు" అని ఏడ్చేవాళ్లు ప్రతి ఏడూ ఉంటారట.

తిరగని గుండు ఎందుకు దారి తప్పుతుందో మొదట ప్రయోగం చేసి చూపించినవాడు బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషు గణితవేత్త. 1742లో తుపాకి శాస్త్రం మీద పుస్తకం అచ్చువేశాడు. ఒక తుపాకి గొట్టం కొసని ఎడమవైపు కాస్త వంచి, ఎదురుగా వరసగా కాగితపు తెరలు కట్టి పేల్చాడు. గుండు మొదట ఎడమకే పోయింది, తరువాత గాలిలో మెలి తిరిగి కుడివైపుకి వచ్చింది! వంపులో గొట్టం గోడకి రాసుకుని అది అడ్డదిడ్డంగా గిరికీలు కొట్టిందన్నమాట. తిరుగుడు తప్పదు, కాబట్టి అది దారి పొడుగునా ఒకే తీరుగా ఉండేటట్టు మనమే తిప్పాలి అన్నది ఆయన తేల్చిన సంగతి. ఈ కిటుకు ముందుగా పట్టుకున్న దేశానిదే పైచేయి అవుతుందని 1747లోనే రాశాడు. అంతటివాడు చివరికి ఎక్కడ పోయాడో తెలుసా? మన కడలూరు దగ్గర! ఈస్టిండియా కంపెనీ కోటలు బాగు చేయించడానికి వచ్చి, 1751లో సెయింట్ డేవిడ్ కోటలో జ్వరంతో పోయాడు. చీరాల నుంచి రైలెక్కితే ఒక పూట ప్రయాణం. ఈ సంగతి నేను చెబితే అక్కడున్న వాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఆ పూట నా విలువ కొంచెం పెరిగింది.

ఇక అసలు ముచ్చట. మా పక్కనే ఒక కుర్రాడు కొత్త వేట రైఫిలు పెట్టుకుని దిగాలుగా కూర్చున్నాడు. యాభై గజాల దూరంలో కాగితానికి గుళ్లు అక్కడొకటి ఇక్కడొకటి, పెద్ద విస్తరంత మేర చెదిరిపోతున్నాయి. టోపీలో టర్కీ ఈక పెట్టుకున్న ఒక ముసలాయన వచ్చాడు. కాగితం వంక కన్నెత్తి చూడలేదు, తుపాకి ముట్టుకోలేదు. "నీ గుడ్డలు తెచ్చావా?" అన్నాడు. కాల్పులు ఆపిన విరామంలో కుర్రాడు వెళ్లి గడ్డిలో ఏరుకొచ్చాడు. ముసలాయన వాటిని మోకాలి మీద పరుచుకుని, జాతకం చూసినట్టు ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

మంచి గుడ్డ అయితే నడుమ గుండు కూర్చున్నచోట నల్లటి మచ్చ, దాని చుట్టూ గాడుల గుర్తులు, అంచులు కాస్త చిరిగి ఉంటాయి, అంతే. దాన్ని మళ్లీ వాడుకోవచ్చా అన్నంత బాగుండాలి. నడిమధ్య కాలి చిల్లు పడితే గుడ్డ పల్చనిది, లేదా తడి చాల్లేదు, లేదా మందు ఎక్కువైంది. ఈ కుర్రాడి గుడ్డలకి నడుమ బాగానే ఉంది. చుట్టూ మాత్రం వరసగా బ్లేడుతో కోసినట్టు గాట్లు. "నీ గొట్టం కొత్తది, మూతి దగ్గర గాడుల అంచులు కత్తుల్లా ఉన్నాయి. గుడ్డ లోపలికి దిగేటప్పుడే తెగుతోంది" అన్నాడు. జేబులోంచి సన్నటి ఎమెరీ కాగితం తీసి, మూతి మీద పెట్టి, బొటనవేలితో నొక్కి తిప్పడం మొదలుపెట్టాడు. కొంతసేపు తిప్పడం, తుపాకి కొద్దిగా మరల్చడం, మళ్లీ తిప్పడం. వేలి మెత్తదనం వల్ల అంచు అన్ని వైపులా సమానంగా అరుగుతుంది. ఆ అంచు ఎంత ముఖ్యమంటే, గుండుని ఆఖరున తాకి వదిలేది అదే. ఒక పక్క వెంట్రుకవాసి ముందు వదిలినా పొగ ఆ పక్కనుంచే తన్నుకొస్తుంది, గుండు వాలిపోతుంది. సాయంత్రానికి ఆ కుర్రాడి గుళ్లు అయిదూ నా అరచేతి కింద దాగే మేర పడ్డాయి. తుపాకి అదే, మందు అదే, మనిషి అతనే.

అయితే ముసలాయన అంతటితో వదల్లేదు. "ఒకసారికి ఒక్కటే మార్చు" అన్నది ఆయన మంత్రం. మందు 50 గ్రెయిన్లతో మొదలెట్టి అయిదేసి పెంచుకుంటూ, ప్రతి కొలతకీ అయిదు గుళ్లు పేల్చి, ఆ అయిదూ ఎంత దగ్గరగా పడ్డాయో నోటు పుస్తకంలో రాసుకోవాలి. 70 గ్రెయిన్లంటే నాలుగున్నర గ్రాములు. పెంచుతూ పోతే గుళ్లు దగ్గరికొస్తాయి, ఒక చోట బాగా కుదురుతాయి, ఇంకా పెంచితే మళ్లీ చెదురుతాయి. కుదిరిన చోటే ఆ తుపాకి కొలత. ఒకే అంగడిలో, ఒకే చేతిలో తయారైన రెండు తుపాకులకి ఒకే కొలత కుదరదట. పొట్టి గొట్టానికీ సన్నటి బెజ్జానికీ సన్నరకం మందు, పెద్దవాటికి బరకది. రవ్వలో బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ ఉన్నట్టే. మందు దాచుకునే కొమ్ములోంచి దాన్ని సరాసరి గొట్టంలోకి పొయ్యరు, లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే కొమ్ము చేతిలోనే పేలుతుంది. కొలపాత్రలోకి ఒంచి, అందులోంచి పోస్తారు.

దట్టించే కర్రకి ఒక గీత ఉంటుంది. గుండు అడుగుదాకా దిగితే ఆ గీత సరిగ్గా మూతితో సమానంగా నిలవాలి. గీత పైకి కనిపిస్తే మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉన్నట్టు. ఆ ఖాళీతో పేలిస్తే గొట్టం ఉబ్బిపోతుంది, మనిషికీ ముప్పే. ఇక ప్రతి గుండునీ ఒకే బలంతో అదమాలి. ఒకసారి మెల్లగా, ఒకసారి కసిగా అదిమితే మందు కాలే తీరు మారుతుంది. ఒకావిడ, వయసులో నాకన్నా పెద్దదే, ఇంటి దగ్గర స్నానాల గది త్రాసు మీద తుపాకి మడమ ఆనించి, కర్రతో నొక్కి, ముల్లు ఎంత దాకా వచ్చిందో చూసుకుంటూ చేతికి అలవాటు చేసుకుందట. ఆవిడ పేల్చిన కాగితం చూశాను. మాట్లాడకుండా వెనక్కి ఇచ్చేశాను.

మందు వాసన సంగతి చెప్పాలా? సూరేకారం, గంధకం, బొగ్గు. చిన్నప్పుడు నాన్నకి తెలియకుండా దొడ్లో జిల్లేడు బొగ్గు నూరి సిసింద్రీలు కట్టావు చూడు, అచ్చం ఆ మూడే. పొగలో నిలబడితే దీపావళి తెల్లవారి మన వీధి గుర్తొచ్చి ముక్కు అదిరింది. ఈ మందు కాలితే వాయువుగా మారేది సగం లోపే, మిగతాది పొగలోనో మసిగానో తేలుతుంది. ఆ మసి తేమని పీల్చుకుని గొట్టంలో పేరుకుంటుంది. రెండో గుండు దిగేదారి మొదటి గుండు దిగిన దారి కాదు. అందుకని ప్రతి పేలుడుకీ ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ లోపలికి పంపి తుడవాల్సిందే. పొద్దున్నే మంచు తేమలో ఒకలా, మధ్యాహ్నం ఎండలో ఒకలా తుడవాలట. ఇదంతా చూస్తూ కోడలు మొదటిసారి నోరు విప్పి, "మడి కట్టుకుని వంట చేసినట్టుంది అత్తయ్యా" అంది. నాకు భలే నవ్వొచ్చింది.

సూరేకారం అన్నాను కదా, అదీ మన దేశం నుంచే వచ్చేది. బీహారు మట్టిలోంచి తీసిన సూరేకారం కలకత్తా మీదుగా ఓడలెక్కి లండన్ చేరేది. డెలావేర్ రాష్ట్రంలో 1802లో మందు మిల్లులు పెట్టిన డ్యూపాంట్ వాళ్లు ఆ సరుకునే కొనేవాళ్లు. అంతర్యుద్ధం మొదలైన 1861లో ఆ ఇంటి కుర్రాడు లామాట్ లండన్ వెళ్లి, అక్కడున్న సూరేకారం దొరికినంతా కొనేశాడు. ఇంతలో అమెరికాకీ ఇంగ్లండుకీ పేచీ వచ్చి ఇంగ్లండు ప్రభుత్వం ఓడలు ఆపేసింది. ఆ పేచీ తీరాక గాని సరుకు కదల్లేదు. రెండు పెద్ద దేశాల పేచీలో పాట్నా పక్క పాటిమట్టి ఇరుక్కుందంటే నమ్ముతావా!

మైదానంలో ఇంకో పక్క కొన్ని విడ్డూరాలున్నాయి. వాటిని తుపాకులనాలో, రోలు రోకళ్లనాలో తెలియలేదు. పిల్లవాడంత బరువున్న గొట్టం బల్ల మీద పరుండి ఉంటుంది, మనిషి దాని వెనక కూర్చుని 200 గజాలు పేలుస్తాడు. కూరేటప్పుడు మూతికి ఇంకో చిన్న మూతి తొడుగుతారు, పేల్చేముందు తీసేస్తారు. కర్ర రాపిడికి అసలు మూతి అరిగిపోకుండా ఉండటానికి ఈ దొంగమూతి. గొట్టంలోంచే ఒక ముక్క కోసి, మేకులతో మళ్లీ అతికేలా చేసి, ఆ తరువాత రెండిట్లోనూ కలిపి గాడులు వేస్తారు కాబట్టి గాడికి గాడి కలుస్తుంది. దీనికి 1840లో పేటెంటు తీసుకున్నది ఎవరో తెలిసి నిలుచున్నచోటే నిలుచుండిపోయాను. ఆల్వన్ క్లార్క్! ఆకాశం చూసే దుర్బిణీలకి ప్రపంచంలోకెల్లా పెద్ద అద్దాలు అరగదీసిన కుటుంబం వాళ్లది. పిల్లలకి పాఠం చెప్పేటప్పుడు, లుబ్ధకం పక్కనున్న చిన్న నక్షత్రాన్ని 1862లో కొత్త అద్దం పరీక్షిస్తూ చూసిన కుర్రాడని చెప్పేదాన్నే, ఆయన కొడుకే ఆ కుర్రాడు. తండ్రి చేతి నైపుణ్యం తుపాకి మూతి మీదా తిరిగిందని నాకు ఇన్నాళ్లూ తెలియదు.

టెన్నెసీ కొండల్లో ఇంకో పద్ధతి ఉందని ముసలాయన చెప్పాడు. మొద్దు మీద తుపాకి ఆనించి, నేల మీద బోర్లా పడుకుని, అరవై గజాల్లో కాల్చిన పలక మీద గీసిన గుణకారపు గుర్తుకి గురి. మొదటి ప్రపంచ యుద్ధంలో పేరు తెచ్చుకున్న సార్జెంట్ ఆల్విన్ యార్క్ అలాంటి పోటీల్లోనే చెయ్యి తిరిగినవాడు. గెలుపు లెక్కే చిత్రం. ఒక్కో చిల్లులో కొయ్య మేకు గుచ్చి, గుర్తు నడుమ నుంచి మేకు దాకా దారం కొలుస్తారు. అలా అన్ని చిల్లుల దారమూ ఒకదాని వెంట ఒకటి కొలిచి, ఎవరి దారం పొట్టిదైతే వాళ్లు గెలిచినట్టు. అంకెలు లేవు, అంపైరుతో గొడవా లేదు. దారం చూపిస్తే చాలు. పూర్వం బహుమతి గొడ్డుమాంసం వాటాలు. తోలు, కొవ్వు కూడా ఒక వాటాయే.

ఇప్పుడు చెకుముకి సంగతి. తుపాకి పక్కన చిన్న గిన్నె, అందులో చిటికెడు రంజకం. మీట నొక్కితే రాయి ఉక్కు రేకుని గీరి రవ్వలు రాల్చుతుంది, రంజకం అంటుకుంటుంది, ఆ మంట పక్క బెజ్జంలోంచి లోపలికి దూరి అసలు మందుని అంటిస్తుంది. ఇదంతా రెప్పపాటులో కావాలి. రంజకం బెజ్జాన్ని కప్పేంత పోస్తే ఒత్తి కాలినట్టు మెల్లగా కాలుతుందని వీళ్ల నమ్మకం, "ఫుస్... ఢాం" అని ఆ మధ్యలో చెయ్యి కదిలిపోతుంది. తక్కువగా పోస్తే మంట నేరుగా దూకుతుందట. కంటి ముందే మంట లేచినా రెప్ప వెయ్యకుండా, గుండు కాగితానికి తగిలేదాకా గురి వదలకుండా ఉండటం అన్నిటికన్నా కష్టం. అది అలవాటు కావడానికి రాయి ఉండాల్సినచోట చెక్కముక్క బిగించి, మందు లేకుండా ఇంట్లో రోజూ నొక్కుతారట. అలా చెక్కముక్క బిగించిన తుపాకి నా చేతికిచ్చారు. బరువు భుజాన్ని లాగేసింది. నొక్కాను. మంటా లేదు, చప్పుడూ "టక్" అనే అంత. అయినా నా రెండు కళ్లూ గట్టిగా మూసుకుపోయాయి. ముసలాయన పడీ పడీ నవ్వాడు.

ఆయన చెప్పిన వాటిలో నాకు మనసుకి పట్టింది ఒకటుంది. పోటీగాడు పొద్దంతా పేలుస్తాడు. అతని గొట్టం ఎప్పుడూ ఒకే తీరు మసితో, ఒకే వేడితో ఉంటుంది. వేటగాడికి ఉన్నది ఒక్కటే, అదీ చల్లటి గొట్టంలోంచి, తుప్పు పట్టకుండా నిన్న రాత్రి పూసిన నూనె ఇంకా లోపల ఉండగానే. ఆ మొదటి గుండు పడేచోటు వేరు, తరువాతి గుళ్లన్నీ పడేచోటు వేరు. బల్ల దగ్గర అయిదు గుళ్లూ ఒకచోట పడ్డాయని సంబరపడి అడవికి వెళ్లినవాడి జింక గాయంతో పారిపోతుంది. ఆ రాత్రంతా లాంతరు పట్టుకుని వెతుక్కోవాల్సిందీ అతనే. అందుకని కూరేముందు స్పిరిటు గుడ్డతో నూనె తుడిచి, ఉత్త రంజకం ఒకసారి వెలిగించి బెజ్జం ఆరబెట్టాలి. ఆ మొదటి గుండు ఎక్కడ పడుతుందో వేర్వేరు పొద్దుల్లో, ఒక పొద్దుకి ఒక్కటే పేల్చి, ఒకే కాగితం మీద పోగు చేసుకోవాలి. ఒక్కో చిల్లు పక్కన తేదీ రాసిన ఆ కాగితం ముసలాయన సంచిలో ఉంది. గొట్టం మీద గురి చూసే పుల్లల్ని సరిచేసేది ఆ కాగితాన్ని బట్టేనట. ముందు పుల్లని ఆకురాయితో అరగదీస్తే గుండు పైకి పోతుంది, వెనక పుల్లని ఎటు జరిపితే గుండు అటు పోతుంది. తయారుచేసేవాళ్లు ముందు పుల్లని కావాలనే పొడుగ్గా వదిలేస్తారు. అరగదీయడం తేలిక, మళ్లీ పెంచడం కుదరదు గనక రెండు గీతలు రాకి, ఒకసారి పేల్చి, మర్నాటికి ఆగడమే పద్ధతి. వేట నాకు నచ్చే పని కాదని నీకు తెలుసు. కానీ ఒక్క గుండు కోసం ఇన్ని పొద్దులు ఓర్చుకునేవాళ్లని తేలిగ్గా తీసిపారెయ్యలేకపోయాను.

సాయంత్రం అయ్యేసరికి గుడారాల ముందు బకెట్లలో వేడినీళ్లు పెట్టి అందరూ తుపాకులు కడగడం మొదలెట్టారు. బాబోయ్, కుళ్లిన కోడిగుడ్ల కంపు! గంధకపు మసికి నీళ్లు తగిలితే అంతే కదా. వాళ్లకి అది అత్తరు. కోడలు ముక్కుకి కొంగు... కొంగెక్కడిది, చున్నీ అడ్డం పెట్టుకుని కారులోకి పరిగెత్తింది.

ముసలాయన మాత్రం నన్ను వదల్లేదు. మా తమ్ముడిది చీరాలలో బట్టల కొట్టని నోరు జారాను మరి. వెంటనే జేబులోంచి స్క్రూగేజీ తీసి, అనుమతి అడిగి, నా చీర అంచు కొలిచాడు! అంగుళంలో ఏడు వెయ్యో వంతులో, ఎంతో వచ్చింది. "చాలా పల్చన, ఒక్క దెబ్బకి కాలిపోతుంది" అని జాలిగా చూశాడు. మీ ఊళ్లో పరుపులకి వాడే చారల గుడ్డ ఎలా ఉంటుందని ఒకటే ఆరా. వీళ్లకి తరతరాలుగా పరుపు గుడ్డే ప్రాణమట. కాబట్టి ఒక పని చెయ్యి. కొట్లో ఆ నీలం చారల మందపాటి రకం ఉంటే ఒక మీటరు పంపు. అచ్చమైన నూలు కావాలి, పాలిస్టరు కలిస్తే కరిగి గొట్టానికి అంటుకుంటుందట. నేత చిక్కగా ఉండాలి. గంజి పూర్తిగా పోయేదాకా రెండు మూడుసార్లు ఉతికించు. మందం అంగుళంలో వెయ్యో వంతులు పదహారు నుంచి పద్దెనిమిది. మన సైకిలు షాపు వాళ్ల దగ్గర గేజీ ఉంటుంది, కొలిపించు. కొరియర్ కాగితం మీద ఎందుకోసమో రాయాల్సివస్తే "పరుపు కోసం" అని రాయి. తుపాకి అన్న మాట మాత్రం ఎక్కడా రాయకు.

మరదలికీ పిల్లలకీ ఆశీస్సులు.

అక్క